ఆడినవాడికి నేర్పడం వస్తుందా? (జాన్ వుడెన్ దగ్గర తేలిన పంచాయితీ)

మూడో క్వార్టర్ | శనివారం రాత్రి 10:12

నిన్న టీ బంకు దగ్గర మా వాడితో పెద్ద గొడవ. వాడి వాదన: గొప్పగా ఆడినవాడు గొప్ప కోచ్ కాలేడు. ఎందుకంటే వాడికి అన్నీ పుట్టుకతో వచ్చేస్తాయి కాబట్టి, రానివాడి బాధ తెలియదట. ఉదాహరణకి బాస్కెట్‌బాల్ స్టార్ మ్యాజిక్ జాన్సన్‌ని పట్టుకొచ్చాడు. 1994లో లేకర్స్‌కి 16 మ్యాచ్‌లు కోచింగ్ ఇచ్చి, 5 గెలిచి 11 ఓడి, ఇది నా వల్ల కాదని వెళ్లిపోయాడు. నేను గోపీచంద్ పేరు చెప్పాను. "బాడ్మింటన్ వద్దు, బాస్కెట్‌బాల్‌లో చెప్పు, అదీ కాలేజీ బాస్కెట్‌బాల్‌లో చెప్పు" అన్నాడు. నెల రోజుల టీ పందెం.

కాలేజీలో స్టార్‌గా ఆడి, తర్వాత ఏళ్ల తరబడి కోచ్‌గా నిలబడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పేర్లతో సరిపెట్టకండి, కాస్త వివరంగా రాయండి. వాడికి చూపించాలి.

పాయింట్ గార్డ్ ఉమ | శనివారం రాత్రి 10:31

డాన్ స్టేలీ. వెతకాల్సిన పని కూడా లేదు. వర్జీనియా యూనివర్సిటీకి పాయింట్ గార్డ్‌గా (బంతి చేతిలో పెట్టుకుని ఆట నడిపించే స్థానం) ఆడి జట్టుని మూడుసార్లు ఫైనల్ ఫోర్‌కి, అంటే జాతీయ టోర్నమెంట్ సెమీస్‌కి, తీసుకెళ్లింది. 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు. ఇంకా ఆడుతుండగానే 2000లో టెంపుల్ యూనివర్సిటీకి కోచ్ అయింది. 2008 నుంచి సౌత్ కరోలినా. అక్కడ మొదటి సీజన్ 10 గెలుపులు, 18 ఓటములు. టైటిల్ రావడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత 2022, మళ్లీ 2024. ఆ 2024 సీజన్‌లో ఆడిన 38 మ్యాచ్‌లూ గెలిచారు.

మీ ఫ్రెండుకి టీ కాదు, టిఫిన్ కూడా పడింది.

వెస్ట్‌వుడ్ వాసి | శనివారం రాత్రి 11:05

ఉమ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన ఉదాహరణ. కాకపోతే ఈ వరుసలో మొట్టమొదట కూర్చోబెట్టాల్సిన మనిషి జాన్ వుడెన్, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ (కాలిఫోర్నియా యూనివర్సిటీ) జట్టుకి కోచ్‌గా 12 ఏళ్లలో 10 జాతీయ టైటిళ్లు తెచ్చినవాడు. నేను యూసీఎల్‌ఏలో ఎమ్మెస్ చేశాను. ఆ కాలేజీ ఉండే పేటే వెస్ట్‌వుడ్, నా పేరు అక్కడిదే. క్యాంపస్‌లో పాలీ పెవిలియన్ అని ఒక హాలు ఉంటుంది. అందులో కోర్టు పేరు "నెల్ అండ్ జాన్ వుడెన్ కోర్ట్". భార్య పేరు ముందు, ఆయన పేరు తర్వాత. 2003లో ఆ పేరు పెట్టారు.

మొదలు నుంచి చెప్తాను. 1910లో ఇండియానా రాష్ట్రంలో పల్లెటూరి రైతు కుటుంబంలో పుట్టాడు. ఇండియానాలో బాస్కెట్‌బాల్ అంటే మన దగ్గర క్రికెట్ లాగా. మార్టిన్స్‌విల్ హైస్కూలు 1927లో రాష్ట్ర చాంపియన్ అయినప్పుడు ఆయన ఆ జట్టులో ఉన్నాడు. తర్వాత పర్డ్యూ యూనివర్సిటీ. 1930, 31, 32 మూడేళ్లూ ఆల్ అమెరికన్, అంటే దేశంలోకెల్లా మేటి కాలేజీ ఆటగాళ్ల జాబితాలో ఉన్నాడు. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలే. బంతి కోసం నేలమీద పడి, బంతిలాగే మళ్లీ లేచేవాడని "ఇండియానా రబ్బర్ మ్యాన్" అనేవారు. 1932లో పర్డ్యూ 17 గెలిచి ఒక్కటే ఓడింది. అప్పటికి జాతీయ టోర్నమెంటే లేదు. ఆ ఏడాది చాంపియన్ పర్డ్యూ అని తర్వాతెప్పుడో లెక్కగట్టి ఇచ్చారు.

చదువైపోగానే పెళ్లి పెట్టుకున్నాడు. దాచుకున్న 909 డాలర్ల 5 సెంట్లూ సరిగ్గా పెళ్లికి ముందు బ్యాంకు మూతపడి పోయాయి. అప్పు చేసి పెళ్లి చేసుకున్నాడు. 1932 అంటే ఆర్థిక మాంద్యం అడుగుకి చేరిన ఏడాది.

లెక్కల పిచ్చి | శనివారం రాత్రి 11:20

ఒక చిన్న చేర్పు. స్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్తూనే శని, ఆదివారాలు డబ్బుకి ప్రొఫెషనల్ జట్లలో ఆడేవాడు. అక్కడ వరసగా 134 ఫ్రీ త్రోలు (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డురాకుండా గీత దగ్గర నిలబడి వేసే షాట్లు) వేశాడు, ఒక్కటీ తప్పకుండా. ఇప్పటివాళ్లలా కాదు, ఆ రోజుల్లో ఫ్రీ త్రో అంటే రెండు చేతులతో కిందినుంచి విసిరేదే.

ఆటగాడిగా, కోచ్‌గా విడివిడిగా రెండుసార్లు బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి (ఆటలో గొప్పవాళ్లకి ఇచ్చే శాశ్వత గౌరవం) వెళ్లిన మొదటి మనిషి ఆయనే. ఆటగాడిగా 1960లో, కోచ్‌గా 1973లో. పందెం ఇక్కడితో ఐపోయింది కదా?

మూడో క్వార్టర్ | శనివారం రాత్రి 11:34

నాకైతే ఐపోయింది. మా వాడికి కాలేదు. వాట్సాప్‌లో పంపితే ఏమన్నాడో చూడండి: "కరీం అబ్దుల్ జబ్బార్, బిల్ వాల్టన్ ఇద్దర్నీ ఇస్తే మా తాతయ్య కూడా కప్పు తెస్తాడు." ఇద్దరూ యూసీఎల్‌ఏలో వుడెన్ దగ్గర ఆడిన స్టార్లు.

చేదు నిజం | ఆదివారం ఉదయం 7:02

మీ ఫ్రెండు మాటలో పస ఉంది. అందరూ వుడెన్‌ని దేవుడిని చేసి హారతి పడతారు. 12 ఏళ్లలో 10 టైటిళ్లంటారు, కానీ ఆ పన్నెండేళ్లకు ముందు అదే కాలేజీలో ఎన్నేళ్లున్నాడు? 1948లో వచ్చాడు, మొదటి టైటిల్ 1964లో. పదహారేళ్లు! ఈ కాలంలో ఐతే మూడో ఏడాదే సూట్‌కేసు సర్దించేవారు. ఏడడుగుల రెండంగుళాల ఆ కరీం వచ్చాక కదా వరసపెట్టి గెలిచింది.

లెక్కల పిచ్చి | ఆదివారం ఉదయం 7:40

చేదు గారూ, వేళ్లు మడిచి లెక్కపెడదాం రండి. టైటిళ్లు 1964, 65, 67, 68, 69, 70, 71, 72, 73, 75. అప్పటికి లూ ఆల్సిండర్‌గా ఉన్న కరీం ఆడినవి 67, 68, 69. వాల్టన్ ఆడినవి 72, 73. ఐదు. మిగతా ఐదు ఆ ఇద్దరూ లేకుండానే వచ్చాయి. అందులో మొట్టమొదటిది, 1964ది, చూస్తే మీరు ఆ మాట వెనక్కి తీసుకుంటారు. ఆ జట్టులో మొదటి ఐదుగురిలో ఎవరూ 6 అడుగుల 5 అంగుళాలు దాటలేదు. 30 ఆడితే 30 గెలిచారు.

ఇంకో తమాషా: వాల్టన్ ఉండగానే 1974 సెమీస్‌లో నార్త్ కరోలినా స్టేట్ చేతిలో రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 80-77తో ఓడారు. వాల్టన్ వెళ్లిపోయాక 1975లో గెలిచారు. మరి తాతయ్య గారి సంగతేంటి?

డ్రిల్ మాస్టారు | ఆదివారం ఉదయం 9:15

నేను పశ్చిమ గోదావరిలో ఒక పల్లెటూరి హైస్కూల్లో పీఈటీని. పిల్లలకి వాలీబాల్, కబడ్డీ ఎక్కువ. బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు ఎనిమిది మంది, అదీ రింగుకి వల లేని కోర్టులో. ఆ 1964 జట్టు పొట్టివాళ్లతో ఎలా గెలిచిందో కాస్త వివరంగా చెప్పండి బాబూ. మా వాళ్లంతా పొట్టివాళ్లే. మండలం దాటితే చాలు, ఎత్తున్న జట్టు చేతిలో దెబ్బ తింటున్నాం.

పాయింట్ గార్డ్ ఉమ | ఆదివారం ఉదయం 10:48

మాస్టారూ, ఇది నాకు ఇష్టమైన సబ్జెక్టు, కాస్త ఎక్కువ రాస్తే తిట్టుకోకండి.

మామూలుగా జట్టు బాస్కెట్ వేశాక వెనక్కి పరుగెత్తి తన రింగు దగ్గర కాపు కాస్తుంది. అక్కడ ఎత్తున్నవాడిదే రాజ్యం. 1964 యూసీఎల్‌ఏ అలా చేయలేదు. బాస్కెట్ పడగానే ఎదుటి జట్టుని వాళ్ల సొంత గీత దగ్గరే చుట్టుముట్టేది. దీన్ని ఫుల్ కోర్ట్ ప్రెస్ అంటారు. వాళ్లు వాడింది 2-2-1 జోన్: ముందు ఇద్దరు, మధ్యలో ఇద్దరు, వెనక ఒకడు. దీన్ని వాడదామని గట్టిగా చెప్పింది అసిస్టెంట్ కోచ్ జెర్రీ నార్మన్.

ఎదుటివాడికి బంతి లోపలికి వేయడానికి 5 సెకన్లు, సగం గీత దాటడానికి 10 సెకన్లు. ముందున్న ఇద్దరు మొదటి పాస్ పడనిస్తారు. పడ్డ వెంటనే వాణ్ణి సైడ్ లైన్ మూలకి తోసి, ఇద్దరు కలిసి మూసేస్తారు. వాడు కంగారులో పైకెత్తి పొడుగు పాస్ వేస్తాడు. ఆ బంతి కోసమే మధ్యలో ఇద్దరు, వెనక ఒకడు కాచుక్కూర్చుంటారు. వెనకున్న ఆ ఒక్కడు కీత్ ఎరిక్సన్, అదే ఏడాది ఒలింపిక్స్‌లో అమెరికా వాలీబాల్ జట్టుకి ఆడినవాడు. గాల్లో బంతి ఎక్కడ పడుతుందో వాలీబాల్ ఆటగాడికి చెప్పాలా?

అసలు మర్మం బంతి లాక్కోవడంలో లేదు, వేగంలో ఉంది. నిదానంగా ఆడదామనుకున్న పెద్దవాళ్లని పరుగుల ఆటలోకి లాగడం. మొదటి పావుగంట ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా కాళ్లు బరువెక్కుతాయి. ఆ ఏడాది ఫైనల్లో డ్యూక్ జట్టు ఎత్తులో బాగా పెద్దది. ఫస్ట్ హాఫ్‌లో యూసీఎల్‌ఏ వరసగా 16 పాయింట్లు కొట్టింది, వాళ్లు ఒక్కటీ వేయలేకపోయారు. చివరికి 98-83.

మీ పిల్లల్లో వాలీబాల్ ఆడేవాణ్ణి ఒకణ్ణి వెనక పెట్టి చూడండి మాస్టారూ. నిజంగానే చెప్తున్నా.

డ్రిల్ మాస్టారు | ఆదివారం ఉదయం 11:02

ఉన్నాడమ్మా ఒకడు. వాలీబాల్లో బ్లాకర్. రేపే చూస్తా.

వెస్ట్‌వుడ్ వాసి | ఆదివారం మధ్యాహ్నం 12:30

చేదు గారు అడిగిన పదహారేళ్ల మాట మీద కొంచెం. ఆ పదహారేళ్లూ ఓడిపోతూ కూర్చోలేదు, మొదటి ఏడాదే 22 గెలిచి 7 ఓడారు. కానీ ఆయన అసలు లాస్ ఏంజెలెస్‌కి రావాలనుకోలేదు. మనసంతా మిన్నెసోటా మీద ఉంది. 1948లో ఒకే సాయంత్రం రెండు కాలేజీలూ ఫోన్ చేయాల్సి ఉంది. మిన్నెసోటాలో మంచు తుఫానుకి లైన్లు పోయి వాళ్ల ఫోన్ రాలేదు. యూసీఎల్‌ఏ ఫోన్ వచ్చింది, సరే అన్నాడు. కాసేపటికి మిన్నెసోటా వాళ్లు దొరికారు. "మాటిచ్చేశాను" అని చెప్పి పెట్టేశాడట. రెండేళ్ల తర్వాత పర్డ్యూ, ఆయన సొంత కాలేజీ, రమ్మని పిలిచింది. యూసీఎల్‌ఏతో మూడేళ్ల ఒప్పందం కావాలని పట్టుబట్టింది ఆయనే. యూసీఎల్‌ఏ వాళ్లు అది గుర్తుచేసేసరికి ఆగిపోయాడు.

వచ్చి చూస్తే సౌకర్యాలు ఇవి: పాత మెన్స్ జిమ్‌లో పై అంతస్తు. అదే హాల్లో ఒక పక్క కుస్తీ వాళ్లు, ఒక పక్క జిమ్నాస్టిక్స్ వాళ్లు. ప్రాక్టీసుకి ముందు ఆయనే తడిగుడ్డతో నేల తుడిపించేవాడు, తనూ తుడిచేవాడు. చెమట వాసనకి ఆ హాలుకి మర్యాదలేని పేరు కూడా ఉండేది. 1950ల మధ్యలో ఫైర్ అధికారులు అక్కడ జనాన్ని ఎక్కించకూడదన్నాక సొంత మ్యాచ్‌లకి ఊళ్లో వేరే హాళ్లు వెతుక్కోవాల్సి వచ్చింది. మొదట్లో జీతం చాలక పొద్దున్నే ఒక డెయిరీలో పాల లారీలు పంపే ఉద్యోగం కూడా చేశాడు. పాలీ పెవిలియన్ వచ్చింది 1965లో, అంటే రెండు టైటిళ్లు గెలిచాక. హాలు వచ్చాక గెలవలేదు, గెలిచాక హాలు వచ్చింది.

చేదు నిజం | ఆదివారం మధ్యాహ్నం 1:10

డెయిరీ సంగతి నాకు తెలియదు. ఆ ఒక్క ముక్కకి ఒక మెట్టు దిగుతున్నాను.

కానీ శామ్ గిల్బర్ట్ సంగతి ఎవరూ ఎత్తరేం? లాస్ ఏంజెలెస్ కాంట్రాక్టర్, యూసీఎల్‌ఏ ఆటగాళ్ల చుట్టూ తిరిగే డబ్బున్న అభిమాని. ఆటగాళ్లకి నిబంధనలకి విరుద్ధంగా సాయాలు చేశాడని తర్వాత పత్రికల్లో వచ్చింది. 1981లో యూసీఎల్‌ఏ మీద చర్య కూడా తీసుకున్నారు. నిజమే, వుడెన్ కాలానికి శిక్ష పడలేదు, ఆయన చేతికి మరక అంటలేదు. కానీ షూ లేసు ఎలా కట్టుకోవాలో కూడా చెప్పే మనిషికి ఆ షూ ఎవరు కొనిచ్చారో కనపడలేదా?

లెక్కల పిచ్చి | ఆదివారం మధ్యాహ్నం 1:25

న్యాయమైన ప్రశ్నే. సమర్థించను. ఇంకోటి కూడా రాసేస్తాను: బెంచి మీద చుట్టిన కాగితం చేత్తో పట్టుకుని పెద్దమనిషిలా కూర్చునేవాడు, నిజమే. కానీ ఆ కాగితం చుట్ట చాటు నుంచే రిఫరీలనీ, ఎదుటి ఆటగాళ్లనీ సూటిపోటి మాటలనేవాడు. తర్వాత ఆయనే ఒప్పుకుని విచారించాడు.

పాయింట్ గార్డ్ ఉమ | ఆదివారం మధ్యాహ్నం 2:03

గిల్బర్ట్ విషయంలో చేదు గారితోనే ఉన్నాను. కానీ తూకంలో రెండో పళ్లెం కూడా పెట్టాలి కదా. 1947లో వుడెన్ ఇండియానా స్టేట్ కోచ్‌గా ఉన్నప్పుడు జట్టుకి కాన్సాస్ సిటీలో జాతీయ టోర్నమెంట్ పిలుపు వచ్చింది. నల్లజాతి ఆటగాళ్లని ఆడనిచ్చేది లేదన్నారు. ఆయన జట్టులో క్లారెన్స్ వాకర్ అనే కుర్రాడున్నాడు. అలా అయితే మేమే రామని పిలుపు తిప్పికొట్టాడు. మరుసటి ఏడాది ఆ నిబంధన తీసేశారు, వెళ్లారు, వాకర్ ఆడాడు, ఫైనల్ దాకా వెళ్లి లూయీవిల్ చేతిలో ఓడారు. వాకర్ జట్టులో ప్రధాన ఆటగాడు కూడా కాదు, బెంచి మీద కుర్రాడు. నాకు ఆ వివరమే ముఖ్యం. నేనూ చాలా మ్యాచ్‌లు బెంచి మీదే కూర్చున్నాను.

మూడో క్వార్టర్ | ఆదివారం సాయంత్రం 5:50

అసలు ప్రశ్నకి రండి ప్లీజ్. ఇవన్నీ బాగున్నాయి. కానీ ఆయన నేర్పడంలో ఏముంది? బాగా ఆడినవాడు కదా, "నన్ను చూసి చేయండి" అనేవాడా?

వెస్ట్‌వుడ్ వాసి | ఆదివారం రాత్రి 8:15

అదే విశేషం. ఆయన ఆటగాడిగా తన రికార్డుల ఊసు ఎత్తేవాడు కాదు. ఆటగాడి బుర్రకన్నా టీచరు బుర్ర ఎక్కువ. కాలేజీకి రాకముందు పదకొండేళ్లు హైస్కూళ్లలో పనిచేశాడు. అందులో మొదటి ఏడాది కెంటకీలోని డేటన్ స్కూల్లో 6 గెలిచి 11 ఓడాడు. జీవితం మొత్తంలో ఓటములు ఎక్కువైన సీజన్ అదొక్కటే.

1974-75 సీజన్‌లో, అదే ఆయన చివరి సీజన్, థార్ప్, గాలిమోర్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రాక్టీసులో కూర్చుని ఆయన నోటి వెంట వచ్చే ప్రతి మాటనీ గుర్తుపెట్టారు. 2,326 లెక్క తేలాయి. ముప్పావు వంతు శుద్ధ సమాచారం: ఏం చేయాలి, ఎలా చేయాలి, ఎప్పుడు చేయాలి. పొగడ్తలు 6.9 శాతం. కోప్పడటం 6.6 శాతం. అన్నీ చిన్న చిన్న వాక్యాలు, ఉపన్యాసమే లేదు. తప్పు కనపడితే ముందు సరైనది చేసి చూపించేవాడు, తర్వాత కుర్రాడు చేసిన తప్పుని అనుకరించేవాడు, మళ్లీ సరైనది. ఐదు సెకన్లు కూడా పట్టేది కాదు. ఆల్ అమెరికన్ ఆటగాడి శరీరం ఉపయోగపడింది ఆ ఐదు సెకన్లకే. పొద్దున అసిస్టెంట్లతో కూర్చుని ప్రాక్టీసుని నిమిషాల లెక్కన ప్లాన్ చేసి, చిన్న కార్డు మీద రాసుకుని జేబులో పెట్టుకునేవాడు.

మొదటి రోజు పాఠం సాక్సులు. దేశంలోకెల్లా మంచి ఆటగాళ్లని కూర్చోబెట్టి సాక్సు ఎలా తొడుక్కోవాలో నేర్పేవాడు. మడమ దగ్గర, చిటికెన వేలి దగ్గర ముడత ఉండకూడదు. ముడతుంటే బొబ్బ వస్తుంది, బొబ్బ వస్తే ప్రాక్టీసు పోతుంది, ప్రాక్టీసు పోతే మ్యాచ్ పోతుంది. న్యూయార్క్ నుంచి వచ్చిన ఆల్సిండర్ మొహం ఆ రోజు ఎలా ఉండుంటుందో ఊహించుకోండి.

వాల్టన్ ఐతే జుట్టు పెంచుకుని వచ్చాడట. జుట్టు మీద మీకు హక్కు లేదన్నాడు. "నిజమే, నాకు లేదు. జట్టులో ఎవరు ఆడాలన్న హక్కు మాత్రం ఉంది. నువ్వు లేకపోతే వెలితిగానే ఉంటుంది" అన్న అర్థంలో వుడెన్ చెప్పాడట. వాల్టన్ సైకిలేసుకుని మంగలి షాపుకి పరుగు. ఈ కథ వాల్టనే నవ్వుతూ చెప్పేవాడు.

లెక్కల పిచ్చి | ఆదివారం రాత్రి 8:40

రికార్డు కోసం రాసిపెడుతున్నా: యూసీఎల్‌ఏలో 27 సీజన్లు, 620 గెలుపులు, 147 ఓటములు. వరసగా 88 మ్యాచ్‌లు గెలిచి, 1974 జనవరి 19న నోటర్ డేమ్ చేతిలో 71-70తో ఆగారు. చివర్లో నోటర్ డేమ్ వరసగా 12 పాయింట్లు కొట్టింది, ఇటు ఒక్కటీ పడలేదు. పైన ఉమ గారు చెప్పిన కాళ్లు బరువెక్కడం అన్నమాట, ఈసారి అటునుంచి ఇటు.

చివరి మ్యాచ్ 1975 ఫైనల్, కెంటకీ మీద 92-85. దాని ముందు సెమీస్‌లో ఓడించిన లూయీవిల్‌కి కోచ్ డెనీ క్రమ్. వుడెన్ దగ్గరే ఆడి, ఆయన దగ్గరే అసిస్టెంట్‌గా చేసినవాడు. ఆ సెమీస్ అవగానే డ్రెస్సింగ్ రూమ్‌లో వుడెన్ రిటైర్ అవుతున్నానని చెప్పాడు. ఆ క్రమ్ కూడా లూయీవిల్‌లో 30 ఏళ్లు ఉండి రెండు టైటిళ్లు తెచ్చాడు. పందెంలో ఇంకో పేరు కలుపుకోండి.

చేదు నిజం | ఆదివారం రాత్రి 9:30

ఆయన భార్య 1985లో పోయాక ప్రతి నెలా 21వ తారీఖున ఆవిడకి ఉత్తరం రాసి దిండు మీద పెట్టేవాడని ఎక్కడో చదివాను. 2010లో, ఇంకో నాలుగు నెలల్లో వందేళ్లు నిండతాయనగా పోయాడు. గిల్బర్ట్ మాట వెనక్కి తీసుకోను. ఇది కూడా రాయాలనిపించింది.

డ్రిల్ మాస్టారు | సోమవారం సాయంత్రం 6:20

రిపోర్టు. పొద్దున ఎనిమిది మందినీ అరుగు మీద కూర్చోబెట్టి సాక్సులు విప్పమన్నాను. ఇద్దరికి అసలు లేవు, ఉత్త కాళ్లకే షూ. ఒకడిది ఎడమ సాక్సు వాళ్లక్కది. ముడతలు సరిచేయడం నేర్పేసరికి మొదటి బెల్లు కొట్టేశారు. హెడ్మాస్టర్ గారు వచ్చి "గ్రౌండులో ఇదేం పాఠం" అన్నారు.

సాయంత్రం 2-2-1 వేసి చూశాం. మా వాలీబాల్ వాడు వెనకనుంచి మూడు పొడుగు పాస్‌లు అందుకున్నాడమ్మా ఉమా. నాలుగోది అలవాటు కొద్దీ స్మాష్ కొట్టాడు. బంతి పక్కవాళ్ల కొబ్బరితోటలో పడింది.

పాయింట్ గార్డ్ ఉమ | సోమవారం సాయంత్రం 6:41

మాస్టారూ 😄 ముందు సరైనది చూపించండి, తర్వాత స్మాష్ కొట్టి చూపించండి, మళ్లీ సరైనది!

మూడో క్వార్టర్ | సోమవారం రాత్రి 9:55

మా వాడికి మొత్తం చదివి వినిపించాను. అంతా విని ఏమన్నాడంటే: "ఆయన ముందు ఇంగ్లీషు మాస్టారు, తర్వాతే బాస్కెట్‌బాల్. కాబట్టి ఆటగాళ్ల లెక్కలోకి రాడు." స్టేలీ సంగతేంట్రా అంటే ఫోన్ వచ్చిందని లేచి వెళ్లిపోయాడు. ఇవాళ్టి టీ డబ్బులు కూడా నేనే ఇచ్చాను.